పంతులుగారి లెక్కలో ఎనిమిదో రోజు

శివాజీ హైదరాబాదులో విమానం దిగి, సాయంత్రం రైలు పట్టుకుని, ఆమదాలవలసలో ఆటో మాట్లాడుకుని కళింగపట్నం చేరేసరికి శుక్రవారం పొద్దున్న తొమ్మిదయింది. ఇరవై ఆరు నెలల తర్వాత వచ్చిన మొగుణ్ణి తులసి పది గజాల దూరం నుంచి చూసింది, అదీ ముక్కూ మూతీ మాస్కులో ఉండగా. పెళ్ళయిన ఆరు నెలలకే అతను బహ్రెయిన్ వెళ్ళి ఒక షేకు బోటు మీద చేపల వేటకి కుదిరాడు. తర్వాత కరోనా వచ్చి ఎక్కడివాళ్ళని అక్కడే కట్టిపడేసింది. ఇన్నాళ్ళూ అతని మొహం ఫోనులో చూసుకుంది. ఇప్పుడు ఫోను అక్కర్లేనంత దగ్గరికి వచ్చాడు గానీ ముట్టుకోవడానికి లేదు.

లేదని చెప్పింది ఎవరో కాదు, తులసే. ఆ ఇంట్లో ఇంటరు దాకా చదివింది ఆమె ఒక్కతే. అత్త అసిరమ్మ చేసే ఎండుచేపల వ్యాపారం ఇప్పుడు ఆమె చేతికి వచ్చింది, వారానికోసారి రాజాం సంతకి సరుకు పట్టుకెళుతుంది. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా ముందు ఆమె చేతిలో పడాల్సిందే. విమానాశ్రయంలో ఇచ్చిన కాగితాన్ని శివాజీ ఫోటో తీసి రైల్లోంచే పంపించాడు. అందులో ఉన్నది చిన్న సంగతే. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు ఏడు రోజులు ఇంట్లో విడిగా ఉండాలి. దిగిన ఎనిమిదో రోజున పరీక్ష చేయించుకోవాలి. ఏమీ లేదని వస్తేనే నలుగురిలో కలవాలి. ఆ పైన ఇంకో వారం ఒంటిని కనిపెట్టుకుని ఉండాలి. తులసి రెండుసార్లు చదివి, గోడ మీది క్యాలెండరులో వచ్చే గురువారానికి పెన్నుతో సున్నా చుట్టింది.

ఊళ్ళో గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ కాగితాలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. ఈ ఇంట్లో మాత్రం అసిరమ్మ ఉంది. ఆమెకి రెండు కిడ్నీలూ పాడయి ఏడాదిన్నర. సోమవారం, గురువారం పొద్దున్నే వ్యాను వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆరుగురు రోగులు కలిసి మాట్లాడుకున్న వ్యాను అది. అందులో శ్రీకాకుళం వెళ్ళి నాలుగు గంటలు మిషను మీద పడుకుని, మధ్యాహ్నం దాటాక ఒళ్ళు పీల్చేసినట్టయి తిరిగొస్తుంది. కిందటి నెల డాక్టరు తులసిని పక్కకి పిలిచి మరీ చెప్పాడు. కరోనా సూది మందు రెండుసార్లూ వేయించినా సరే, ఈమెకి గనక ఆ జబ్బు తగిలితే మా చేతిలో ఉండేది తక్కువమ్మా అన్నాడు. తులసి ఆ మాట మామ జోగయ్యకి చెప్పింది గానీ అత్తకి చెప్పలేదు.

అందుకే ఇంటి వెనక ఉన్న వలల పాక ఊడ్చి, ఫినాయిలు చల్లి, అందులో మంచం వేసింది. విడిగా కంచం, విడిగా చెంబు. శివాజీ కిక్కురుమనకుండా వెళ్ళి పడుకున్నాడు. అసలు గొడవ అసిరమ్మతో వచ్చింది. ఆమె ముక్కాలిపీట పెరటి గుమ్మంలో వేయించుకుని, కొడుకుని చూస్తూ కూర్చుంది. చూస్తే సరిపోతుందని తులసి అనుకుంది. ఆ చూపు వల్లే పని చెడుతుందని అప్పుడు తట్టలేదు.

"రెండేళ్ళు సముద్రం అవతలున్నోడు ఇప్పుడు నా పెరట్లో ఉండీ పరాయోడైపోనాడు," అంది అసిరమ్మ. "ఎన్నాళ్ళే ఇలగ?"

"గురువారం దాకా అత్తా. ఆరు రోజులే."

"ఆరు రోజులంటే నీకు ఆరు రోజులు. నాకు ఇంకెన్ని సోమవారాలున్నాయో ఎవులికి తెలుసు."

తులసి పొయ్యి దగ్గరికి వెళ్ళి అన్నం వారుస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న జోగయ్య చొక్కా తొడుక్కుని, "పంతులుగోర్ని అడిగొద్దాం, రా గుంటా. కాగితాలు నీ ఫోనులో ఉన్నాయి గదా," అన్నాడు. తులసికి నవ్వొచ్చింది. కరోనాకి పంతులుగారేమిటి? కానీ ఆ పల్లెలో ఆ ప్రశ్న తులసికి తప్ప ఇంకెవరికీ రాదు. పంతులు లక్ష్మీనరసింహంగారిది తరాలుగా గుడి సేవ చేసుకుంటున్న కుటుంబం. కొత్త బోటు నీళ్ళలోకి దింపేది ఏ రోజో ఆయన చెబుతాడు. పురుడు ఎన్నాళ్ళో, చావు మైల ఎన్నాళ్ళో, ఇంటికి సున్నం ఎప్పుడు వెయ్యాలో, పొయ్యి ఎప్పుడు రాజెయ్యాలో ఆయనే చెబుతాడు. విడిగా ఉండటం, ముట్టుకోకపోవడం, రోజులు లెక్కపెట్టుకోవడం అంటే ఆ పల్లె మొత్తానికి గుర్తొచ్చేది ఆయన అరుగే.

పంతులుగారు మంచి మనిషి. చిన్నవాళ్ళని కసురుకోవడం, డబ్బు కోసం తిప్పించుకోవడం ఆయనకి తెలియదు. ఆ మంచితనమే కొంప ముంచిందని తులసి తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆయన మాస్కు సవరించుకుని, వాళ్ళిద్దర్నీ అరుగు చివర కూర్చోమని, కాగితం చదివించుకున్నాడు. విమానాశ్రయం కాగితం విన్నాక ఊరుకోలేదు.

"ఎక్కే ముందు అక్కడ కూడా పరీక్ష చేశారన్నావు కదమ్మా. అది ఏ రోజు?"

"సోమవారం అండి. పదిహేడో తారీఖు. ఏమీ నేదని వచ్చింది."

పంతులుగారు కాసేపు వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత జోగయ్య వైపు తిరిగాడు.

"మీ తమ్ముడు వీరావల్‌లో బోటు మీద పోయినప్పుడు కబురు నీకు ఎప్పుడొచ్చిందోయ్?"

"ఆరు రోజులు గడిసిపోనాకండి."

"అప్పుడు నేను నిన్ను మైల ఎన్నాళ్ళు పట్టమన్నాను?"

"పదిలో మిగిలిన నాలుగూ పట్టమన్నారండి."

"అదీ సంగతి. మైల ఎక్కడ మొదలైందో అక్కణ్ణుంచే లెక్క. కబురు మన గుమ్మంలోకి వచ్చిన రోజు నుంచి కాదు. ఇదీ అంతే. సోమవారం నాడు పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ఆ రోజు ఒకటి. మంగళవారం రెండు. అలా చూసుకుంటే ఎల్లుండి సోమవారానికి ఎనిమిది. ఆ రోజు పరీక్ష చేయించు. మానెయ్యమని నేను అనట్లేదు సుమా. ప్రభుత్వం చెప్పింది చెప్పినట్టు చెయ్యాల్సిందే."

జోగయ్య మొహం వికసించింది. గుజరాతు తీరంలో వేటకి వెళ్ళి పోయినవాళ్ళు ఆ పల్లెలో చాలామందే ఉన్నారు. మిగిలిన రోజుల లెక్క అక్కడ ప్రతి ఇంటికీ అనుభవమే. అందుకే ఆ మాట ఆయనకి నూటికి నూరుపాళ్ళూ నిజంలాగే వినబడింది.

తులసి ఫోను ముందుకి చాపింది. "కాగితంలో దిగిన రోజు నుంచని ఉన్నాదండి. విమానంలో అంతమంది మజ్జిన కూకున్నాడు గదండి పంతులుగారూ. రైల్లోనూ అంతే. అదంతా సోమవారం తర్వాతే గదండి."

ఆయనకి కోపం రాలేదు. "కాగితం రాసినవాడికి ఈ పిల్లవాడు దిగిన రోజు ఒక్కటే తెలుసు తల్లీ, అందుకని అలా రాశాడు. మనకి అంతకు ముందు సంగతి కూడా పరీక్ష కాగితంతో సహా తెలుసు. ఇక దారి అంటావా, యాత్రలో అంటుదోషం లేదని పెద్దలే వదిలేశారు."

తప్పని తులసికి తెలిసిపోయింది. మైల వేరు, ఇది వేరు. చావు జరిగిన రోజు ఒకటే ఉంటుంది. ఈ జబ్బు ఏ సీట్లో, ఎవరి పక్కన అంటుకుంటుందో దానికి ఒక రోజంటూ లేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ అరుగు మీద అనెయ్యొచ్చు. కానీ అనలేదు, ఎందుకంటే గురువారం పోయి సోమవారం వచ్చిందనేసరికి ఆమెకి లోలోపల సంతోషం వేసింది. రెండేళ్ళుగా ఒంటరిగా పడుకున్న మనిషికి మూడు రోజులు కలిసొచ్చాయి. ఆ సంతోషానికి ఆమెకే భయం వేసింది. తోవలో మామ ఏవేవో మాట్లాడుతూ నడిచాడు, ఆమె ఊఁ కొడుతూ వచ్చింది.

ఆ సాయంత్రమే పల్లె ఆరోగ్యం చూసే ఏఎన్ఎం అరుణశ్రీ ఫోను చేసింది. విదేశాల నుంచి వచ్చినవాళ్ళ జాబితాలో శివాజీ పేరు ఉందట.

"దిగింది గురువారం కదా తులసీ. వచ్చే గురువారం నేనే కిట్టు పట్టుకుని వస్తాను. అప్పటిదాకా బయటికి రానివ్వకు. ముందే పరీక్ష చేయించేసి ఏమీ లేదనుకోకండి. జబ్బు ఒంట్లోకి వచ్చిన కొత్తలో పరీక్షకి దొరకదు. నాలుగైదు రోజులు పోయాక దొరుకుతుంది, అందుకే ఆ ఎనిమిదో రోజు. మీ ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉన్నారు, నీకు నేను వేరే చెప్పాలా."

"అలాగేనండి," అంది తులసి.

ఫోను పెట్టేసి అక్కడే నిలబడింది. ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. ఇంట్లోకి వెళ్ళి ఈ మాట అనేస్తే జోగయ్య గొణుక్కుంటాడు, అసిరమ్మ ఏడుస్తుంది, అంతే. రేపు చెబుదామనుకుంది. రేపు ఆదివారం వచ్చింది, చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం పాక బయట పళ్ళెం పెట్టి వెనక్కి జరిగితే, శివాజీ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చిక్కిపోయాడు. మెడ దగ్గర కొత్త మచ్చ ఒకటి ఉంది. అది ఎలా అయిందో ఫోనులో ఎప్పుడూ చెప్పలేదు.

"పంతులు రేపన్నాడంట గదే."

"అన్నాడు."

"నువ్వేటంతావు?"

"నానేటంతాను బావా. అందరూ అనీసినాక."

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వు వద్దంతే ఉండిపోతాను. నాకేటి, ఇన్నాళ్ళున్నాను."

అతను నిజంగానే అడిగాడు. ఆ కళ్ళలో వేళాకోళం లేదు. తులసి అతని మెడ మీది మచ్చ చూస్తూ, "అన్నం సల్లారిపోతాది, తిను," అని లేచి వచ్చేసింది.

సోమవారం వ్యాను అసిరమ్మని తీసుకెళ్ళాక, వాళ్ళిద్దరూ మోటారుసైకిలు మీద శ్రీకాకుళం వెళ్ళారు. గార ఊరు దాటేదాకా తులసి సీటు చివర కమ్మీ పట్టుకుని కూర్చుంది. తర్వాత రోడ్డు గతుకులు రావడంతో అతని నడుం పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి ఇక తియ్యలేదు. ల్యాబులో ఒక ఫారం ఇచ్చారు. పేరు, వయసు, ఆధారు, ఏ దేశం నుంచి వచ్చారు, ఏ తేదీన దిగారు. తులసి అన్నీ గబగబా రాసి తేదీ దగ్గర ఆగింది. ఇరవై అని రాస్తే, ఇంకా అయిదో రోజే కదమ్మా అంటాడేమో. గురువారం రమ్మంటాడేమో. పదిహేడు అని రాసింది. కౌంటరు దగ్గర అబ్బాయి తలెత్తకుండా ముద్ర కొట్టేశాడు. అడిగితే చెప్పేద్దామని ఆమె అనుకుంది, కానీ అతను అడగలేదు.

మంగళవారం పొద్దున్నే ఫోనులో మెసేజి వచ్చింది. ఏమీ లేదు. జోగయ్య ఆ ఫోను పట్టుకుని నాలుగిళ్ళు తిరిగి చూపించి వచ్చాడు. పంతులుగారికి ఒక మంచి కోనాం చేప ముక్క పంపిద్దామని, ఆయన తినడు కదా అని నాలిక్కరుచుకుని, కొబ్బరికాయలు పంపించాడు. శివాజీ సముద్రంలో మునిగి, ఇంటి దగ్గర తలకి పోసుకుని, కొత్త లుంగీ కట్టుకుని గడపలో అడుగు పెట్టాడు. అసిరమ్మ నిలబడలేక కూర్చునే చేతులు చాపింది. మిషను సూదుల కోసం ఫిస్ట్యులా వేసిన ఎడమ చెయ్యి నరాలు ఉబ్బి తాళ్ళలా ఉంటుంది, ఆ చేత్తోనే కొడుకు చెంపలు తడిమింది, మూతి తడిమింది, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఒక్కసారితో వదల్లేదు. తులసి తలుపు దగ్గర నిలబడి చూసింది. అత్త మొహంలో అంత వెలుగు ఏడాదిన్నరలో చూడలేదు. ఇది చాలదా అనుకుంది. ఆ వెంటనే, ఇది మంగళవారం, దిగి ఆరో రోజు అని కూడా అనుకుంది.

ఆ రోజంతా ఇంట్లో పండగలా గడిచింది. అతను తెచ్చిన హల్వా డబ్బా విప్పారు. అసిరమ్మకి తీపి ఒక చెంచా మించకూడదు. ఆ చెంచా కొడుకు చేత్తో తింది, ఆ చెంచాతోనే అతనికి పెట్టింది. ఇరుగుపొరుగు వచ్చి పోయారు. తులసి ఆ రెండు రోజులు సుఖంగా ఉందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. సుఖంగానే ఉంది, కాకపోతే మధ్యలో ఉలిక్కిపడి మొగుడి గొంతు వింటూ కూర్చునేది. అతను గుటక వేస్తే చూసేది, ముక్కు ఎగబీల్చినా చూసేది.

బుధవారం సాయంత్రం అతను దగ్గాడు. ఒకసారి, కాసేపాగి ఇంకోసారి.

"ఏటది బావా?"

"గొంతులో గరగరలాడతన్నాది. మంచులో తిరిగినాను గదా."

తులసి నుదుటి మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. పొయ్యి దగ్గర నుంచి వచ్చిన చెయ్యి కదా, తన చెయ్యే వేడిగా ఉందేమోనని నీళ్ళతో కడుక్కుని మళ్ళీ వేసింది. అప్పుడూ వెచ్చగానే ఉంది. "ఇవాళ పాకలో పడుకో బావా," అంది. అతను ఆమె మొహం చూసి, కారణం అడక్కుండానే దుప్పటి తీసుకుని వెళ్ళాడు. తెల్లారితే గురువారం. అత్తని వ్యాను ఎక్కనివ్వకూడదు. కానీ ఎక్కకపోతే ఎలా? కిందటి వర్షాకాలంలో గెడ్డ వాగు పొంగి రోడ్డు తెగిపోయినప్పుడు ఒక్క వాయిదా తప్పితే అసిరమ్మ కాళ్ళు వాచి, ఊపిరి అందక, చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనయింది. అదే తలుచుకుంటూ తులసి ఎటూ తేల్చుకోలేదు.

పొద్దున్న ఆరింటికి వ్యాను హారను కొట్టింది. అసిరమ్మ శాలువా కప్పుకుని, హల్వా డబ్బా చంకలో పెట్టుకుని బయల్దేరింది. నా కొడుకు తెచ్చినాడని ఆ అయిదుగురికీ తన చేత్తో పెట్టాలట. వాళ్ళకి కూడా ఎక్కువ తీపి కూడదు గానీ తలా ఒక ముక్క తింటే ఏమవుతుందంది.

"అత్తా, మాస్కు తియ్యకు. పెట్టుకునే ఉండు."

"హల్వా పెట్టీటప్పుడు కూడానేటి?" అని నవ్వి, ఎక్కింది. ఎక్కేటప్పుడు తులసి భుజం పట్టుకుంది. ఆ చెయ్యి కూడా వెచ్చగా తగిలిందో, తనకి అలా అనిపించిందో తులసి తేల్చుకునే లోపల తలుపు పడింది. లోపల్నుంచి జగ్గమ్మ, ఏటే, కొడుకొచ్చీసినాడంట, అని పలకరించడం వినబడింది. జగ్గమ్మది పక్క ఊరు, అసిరమ్మ పక్క మంచం ఆమెదే. వ్యాను మలుపు తిరిగిపోయింది.

తొమ్మిదింటికి అరుణశ్రీ స్కూటీ దిగింది. అన్నమాట ప్రకారం కిట్టు పట్టుకొచ్చింది. తిన్నగా పాక దగ్గరికి వెళ్ళి, శివాజీ ముక్కులో పుల్ల తిప్పి, ప్లాస్టిక్ ముక్క మీద మూడు చుక్కలు వేసింది. పదిహేను నిమిషాలన్నారు గానీ అంతసేపు పట్టలేదు. రెండో గీత మొదటి గీత కంటే ఎర్రగా తేలింది.

"ఎన్నాళ్ళ నుంచి దగ్గు?"

"నిన్న సాయంత్రం నుంచండి," అన్నాడు శివాజీ.

"ఇంట్లోకి వచ్చాడా?" అని ఆమె జోగయ్యని అడిగింది.

జోగయ్య క్షణం కూడా తడుముకోలేదు. "నేదమ్మా. పాకలోనే ఉన్నాడు. మొన్న పరీచ్చకి ఎల్లొచ్చినాడు, అంతే. ఆలమ్మ మొకం కూడా దూరం నుంచే సూసినాడు."

అరుణశ్రీ ఊపిరి పీల్చుకుంది. తులసి వైపు తిరిగి, "అదృష్టవంతులు తల్లీ. నీ పుణ్యమా అని ఆవిడ బతికిపోయింది," అంది. మాత్రలు ఇచ్చి, ఇంకో వారం కదలొద్దని చెప్పి, కాగితాల్లో రాసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట తులసికి చెంప మీద కొట్టినట్టయింది.

స్కూటీ చప్పుడు దూరమయ్యాక ఆమె ఫోను తీసింది. జోగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవులికే?"

"డయాలసిస్ దగ్గరికి. సెప్పాల మావా."

"సెప్పకు." ఆయన అడ్డం పెట్టిన చెయ్యి తియ్యలేదు. "కిందటేడు ఆ వ్యానులో తిరిగినోడు గణపతిరావు ఏటైపోనాడో నీకు తెల్దా? పాజిటివనీసరికి మిషను ఎక్కనివ్వనేదు. కరోనావోళ్ళకి వేరే సోటున్నాది ఎల్లమన్నారు. ఆడికెల్తే కాళీ నేదన్నారు. మూడు రోజులు తిప్పినారు గుంటా. నాలుగో రోజు సచ్చిపోనాడు. మీ అత్తకి ఏటీ నేదు ఇప్పుడు. ఉన్నాదని నువ్వెందుకు ముందే సెప్తావు?"

శివాజీ పాక గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు.

జోగయ్య చెప్పింది అబద్ధం కాదు. గణపతిరావు అంత్యక్రియలకి వెళ్ళినవాళ్ళలో తులసి కూడా ఉంది. అతనికి మిషను దొరకలేదు, అది నిజం. ఆ వ్యానులో ఈ పొద్దున్న అత్తతో అయిదుగురు కూర్చున్నారు, అది కూడా నిజమే. వాళ్ళలో ఎవరికి సోకినా డాక్టరు తనతో చెప్పిన మాటే వాళ్ళ ఇళ్ళల్లోనూ చెబుతాడు. తులసి మామ చెయ్యి మెల్లగా తప్పించి, పెరటి గోడ దాకా నడిచి, అసిరమ్మ ఫోనుకి కొట్టింది. డయాలసిస్ సెంటరు నంబరు తన దగ్గర లేదు.

"ఏటే, ఈ యేలప్పుడు?" అంది అసిరమ్మ. వెనక మిషన్ల చప్పుడు. "ఎక్కి రెండు గంటలైపోనాది. హల్వా మొత్తం అయిపోనాది. జగ్గమ్మ రెండో ముక్క కూడా అడిగింది, ఇదిగో పక్కనే తింటన్నాది."

"అత్తా, ఇను. బావకి పాజిటివొచ్చింది."

"పంతులు లెక్కెట్టినాడు గదే," అంది అసిరమ్మ.

"పంతులు తప్పు లెక్కెట్టినాడు. నాకు తెలుసు. అరుణశ్రీ కూడా సెప్పింది, ముందు సేయిస్తే దొరకదని. తెలిసే ఊరుకున్నాను అత్తా. తేదీ కూడా నానే తప్పు రాసినాను. నాకూ ఆడు కావాలనిపించింది."

తిడుతుందనుకుంది. తిడితే బాగుణ్ణని కూడా అనుకుంది. అసిరమ్మ గొంతు తగ్గించి, పక్కవాళ్ళకి వినబడకుండా మాట్లాడింది.

"ఇంకా రెండు గంటలున్నాది మిషను. ఇది అయిపోనాక సెప్తే నేదా? ఈ ఒక్క పూటా అవనీయే. మళ్ళీ ఎక్కిస్తారో నేదో."

ఆ రెండు గంటలు ఇచ్చేద్దామని తులసికి ప్రాణం కొట్టుకుపోయింది. ఈ వారం రోజులుగా ఆమె ఇలాగే ఇస్తూ వచ్చింది. ఒక రోజు తనకి, ఒక రోజు మామకి, ఒక రోజు అత్తకి. పక్క మంచం మీద జగ్గమ్మ మాస్కు తీసి తింటోంది.

"ఫోను సిస్టరమ్మకి ఇయ్యత్తా."

అసిరమ్మ ఫోను కట్టెయ్యలేదు. సిస్టరమ్మా అని పిలవడం వినబడింది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది, ఫోను చేతులు మారింది.

"హలో, ఎవరండీ? అసిరమ్మగారి కోడలా?" అంది సిస్టరు. "నేనే మీకు చేద్దామనుకుంటున్నాను. ఎక్కించేటప్పుడు ఆవిడకి ఒళ్ళు వెచ్చగా ఉంది. రాత్రి నుంచీ ఉందట, చలికి వచ్చిందని ఆవిడే చెప్పింది. ఇంట్లో ఎవరికీ ఏమీ లేదని, బయటి నుంచి ఎవరూ రాలేదని కూడా చెప్పింది. నిజమేనా?"

"కాదండి," అంది తులసి. "ఆవిడ కొడుకు బహ్రెయిన్ నుంచి వచ్చినాడు. కిందటి గురువారం దిగినాడండి." ఆ పైన ఒక్కటీ దాచకుండా చెప్పుకుంటూ పోయింది.